గోరంత మేలుకొలుపు

అధ్యక్షా, సభాసదులారా,

నా మీద మోపిన అభియోగం ఇది: "విద్యాలయం రెండో సంవత్సరం విద్యార్థిని, వక్తృత్వ సంఘం కార్యదర్శి పొట్నూరు శార్వరి, సభ అనుమతి లేకుండా తెప్పవలస యంత్రంలోంచి మేలుకొలుపును వేరుచేసి, నాలుగువందల పన్నెండు మంది ప్రాణాలను గోరంత కార్డుకు కట్టివేసినది."

వాక్యం బాగా కట్టారు. అందులో అబద్ధం కూడా పెద్దగా లేదు. కాబట్టి దాన్ని కాదనడానికి నేను లేవలేదు. నాకు ఇరవై నిమిషాలిచ్చారు. మామూలుగా అయితే ఇరవై నిమిషాల్లో ఎదుటి పక్షాన్ని నిలువునా చీల్చగలనని నాకు పేరు. ఈ రోజు ఆ ఓపిక లేదు. మొన్న పదమూడు గంటలు పంపు కొట్టిన చేతులివి. మీవీ అంతే. అందుకని ఉపన్యాసం మానేసి, ప్రతి విద్యార్థీ రాయవలసిన దినచర్య పుస్తకంలోంచి కొన్ని పుటలు చదువుతాను. అవసరమైన చోట ఒకటి రెండు మాటలు కలుపుతాను.

ముందుగా ఒక్క వివరణ. యంత్రానికి కరెంటు ఇవ్వగానే మొట్టమొదట కదిలేది ఒక చిన్న ప్రోగ్రాం. డిస్కులో మిగతా వ్యవస్థ ఎక్కడుందో పట్టుకుని దాన్ని లేపడమే దాని పని. లేపాక దానికి వేరే పని ఉండదు. పుస్తకాల్లో దీన్ని బూట్‌లోడర్ అన్నారు. మనం మేలుకొలుపు అంటున్నాం. ఇంతకు మించి తెలియనక్కర్లేదు.

చుట్టు 211, రోజు 21. నకలు రోజు.

తెల్లవారుజామున ఐదింటికి యంత్రాన్ని ఆపారు. ఇరవయ్యొక్క రోజుల చుట్టుకు ఒకసారి ఆపి, దాని డిస్కును మొదటి నుంచి చివరి దాకా ఇంకో డిస్కులోకి నకలు తీస్తారు. పదకొండు గంటలు పడుతుంది. యంత్రం లేవగానే మనల్ని మోసే ఈ తెప్ప అడుగునున్న అరల్లోకి నీళ్లు మళ్లించి తెప్పను సమంగా నిలబెట్టే పని మళ్లీ దానిదవుతుంది. అంతదాకా అది మనది. నూట ఇరవై పంపులు, పంపుకు ఇద్దరు, అరగంట సగం పంపుల వంతు, అరగంట మిగతా సగానిది.

నాకూ పైడమ్మ అత్తకూ ఆరో పంపు. అత్త తాళ్లు పేనే షెడ్డులో పనిచేస్తుంది. నాకు చుట్టమేమీ కాదు. నేను తెప్ప ఎక్కిన నాటి నుంచి పంపు కొయ్యకు అటు ఆమె, ఇటు నేను.

"ఏటే గుంటా, కొయ్యకి ఆనుకుని నిద్రపోతన్నావా? నీ ఉపన్యాసాలకి నీళ్లు వాటంతట అవి దిగవు," అంది అత్త.

"నువ్వు కాస్త నెమ్మదిగా కొట్టు అత్తా. నీ ఊపుకి నేను గాల్లోకి లేస్తున్నాను."

"నెగిస్తే నెగు. పైనుంచి ఒడ్డు కనిపిస్తాదేమో సూసి సెప్పు."

నాలుగో వంతులో ఆమె కుడి భుజం ఆగిపోయింది. అరవలేదు. కొయ్య పైకి వెళ్లింది, ఆమె చేయి వెళ్లలేదు, అంతే. ఎడమచేత్తో కొట్టబోయింది. హాజరు గుమాస్తా వచ్చి చూసి, పట్టీలో గీత పెట్టాడు. పోయిన చుట్టులో ఒక వంతు తప్పింది. ఇది రెండోది. మూడోది తప్పితే తెప్ప మీద చోటు పోతుంది. తర్వాతి పడవలో ఒడ్డు శిబిరానికి దింపేస్తారు. నీళ్ల క్యూలూ ఉప్పుధూళీ తప్ప అక్కడ ఏమీ లేదని అక్కడినుంచి వచ్చిన మనందరికీ తెలుసు.

మిగతా వంతులు ఆమె కొయ్య మీద చేయి వేసి నిలబడింది. బరువు నేను లాగాను. గుమాస్తా చూడనట్టు ఊరుకున్నాడు. ఆయనకూ చేతులు నొప్పిగానే ఉండి ఉంటాయి.

చుట్టు 212, రోజు 2.

సభ. పైడమ్మ అత్తను పంపు వంతు నుంచి మినహాయించాలని నేను ప్రతిపాదించాను. పదిహేడు నిమిషాలు మాట్లాడాను. న్యాయం, మానవత, సామూహిక బాధ్యత అన్నీ వచ్చాయి. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

తెప్ప ఊగుతుంది గనక మన సభలో అందరూ ఎడమచేత్తో తాడు పట్టుకుని నిలబడతారు, ఓటుకు కుడిచేయి తలపైకి ఎత్తుతారు. తలపైకి లేచిన చేతినే లెక్కిస్తారు. లెక్క ఇది: అనుకూలం నూట ముప్పై ఒకటి, ప్రతికూలం నూట ముప్పై ఒకటి. సమానమైతే పాత ఆనవాయితీ నిలుస్తుంది. ప్రతిపాదన వీగిపోయింది.

బయటికి వస్తూ ఇంకో రెండు నిమిషాలు మాట్లాడి ఉంటే ఒక్కరైనా ఇటు వచ్చేవారని లెక్కలు వేసుకున్నాను. ఓడిన ప్రతిసారీ నేను చేసేది అదే.

చుట్టు 212, రోజు 5.

మినహాయింపు రాదు. అయితే పంపు కొట్టవలసిన అవసరమే ఎందుకుంది? ఈ ప్రశ్న పట్టుకుని యంత్రం గదికి వెళ్లాను. యంత్రపాలకులు బెహరా కృపాసింధు మాస్టారు డిస్కుల మీద లక్క ముద్రలు వేస్తున్నారు.

"పదకొండు గంటలు ఎందుకు మాస్టారూ? డిస్కులో మూడొంతులు ఖాళీయే కదా?"

"ఖాళీ గదులతో సహా తీయాలమ్మా. మేలుకొలుపు డిస్కు మొదట్లో ఉంటుంది. వ్యవస్థ ఎన్నో గదిలో ఉందో అంకెతో గుర్తుపెట్టుకుంటుంది. ఒక్క గది అటూ ఇటూ అయిందా, దానికి దారి తెలీదు."

"అంటే దానికి ఇంటి పేరు తెలీదు. ఎన్నో గుమ్మమో మాత్రమే తెలుసు."

"అలాగే అనుకో."

"గుమ్మాల లెక్క తప్పకూడదని ఊరంతా నకలు తీస్తున్నాం."

ఆయన నవ్వారు. "నువ్వు చెప్తే ప్రతిదీ నేరంలాగే వినిపిస్తుంది."

నకలు డిస్కులు మూడే ఉన్నాయి. వంతులవారీగా వాటి మీదే తిరగరాస్తారు. వాటిలో దేన్నయినా ఎప్పుడైనా యంత్రంలో పెట్టి లేపి చూశారా అని అడిగాను. ఆయన లక్క గరిటె కింద పెట్టారు.

"చూడాలంటే యంత్రాన్ని ఇంకో పూట ఆపాలి. పదకొండు గంటలు కొట్టిన జనాన్ని ఇంకో పూట కొట్టమని ఏ నోటితో అడగను? ముద్ర వేసి పక్కన పెట్టేయడమే. మా గురువుగారూ అంతే చేసేవారు."

సోమరితనంతో కాదు, జాలితోనే పరీక్షించడం మానేశారు. నాకు కోపం రావలసిన చోట రాలేదు.

చుట్టు 212, రోజు 9.

విద్యాలయంలో మూలన పడేసిన పాత యంత్రం ఒకటుంది. నాలుగు రోజులు తిప్పలు పడితే లేచింది. కృపాసింధు మాస్టారు మూడు నకళ్లలో పాతదాన్ని గుడ్డలో చుట్టి తెచ్చారు. ముద్ర ఆయనే పగలగొట్టారు.

పెట్టాం. తెర మీద రెండక్షరాలు వచ్చి ఆగిపోయాయి.

మళ్లీ పెట్టాం. రెండక్షరాలు.

మూడు డిస్కులూ మునిగిన ఓడల్లోంచి తీసినవి. ఒక్కోటి ఒక్కో తయారీ. వాటిలో గదుల కొలతే వేరు. యంత్రంలోని డిస్కు మీద సరిపోయిన గుమ్మాల లెక్క వీటి మీద సరిపోదు. లోపలి సమాచారం చెక్కుచెదరలేదు. మన నీటి పట్టికలు, జనన మరణాలు, విత్తనాల చిట్టాలు అన్నీ ఉన్నాయి. దాన్ని లేపేవాడే లేడు.

"ఈ డిస్కులు ఎప్పటినుంచి వాడుతున్నాం మాస్టారూ?"

"చుట్టు తొంభై ఆరు."

ఇద్దరం మనసులోనే లెక్క వేసుకున్నాం. నూట పదహారు నకళ్లు. ఒక్కోటి పదకొండు గంటలు. యంత్రంలోని డిస్కు ఈ ఆరేళ్లలో ఏ రోజు చెడిపోయినా మనకు తిరిగి లేచే దారి లేదు. కాలం కలిసి రావడం వల్ల తేలుతున్నాం.

ఆయన పగిలిన లక్క ముక్కలు అరచేతిలోకి ఏరుకున్నారు. తర్వాత, "ఎంతమంది భుజాలో," అన్నారు.

చుట్టు 212, రోజు 13.

పరిష్కారం కొత్తదేమీ కాదు. విద్యాలయం గ్రంథాలయంలో బైండింగు ఊడిన పాత చేతిపుస్తకంలో అర పుటలో ఉంది. మేలుకొలుపును డిస్కులోంచి తీసి వేరే చిన్న కార్డులో పెట్టు. గది అంకెతో కాక పేరుతో వెతకమని దానికి నేర్పు. ఇక డిస్కు ఏదైనా ఫర్వాలేదు. వ్యవస్థను మామూలు ఫైళ్లలాగే నకలు తీయవచ్చు. మారినవి మాత్రమే తీస్తే చాలు. యంత్రం నడుస్తుండగానే తీయవచ్చు. ఎప్పుడైనా డిస్కు పోతే ఇంకో డిస్కులో ఆ ఫైళ్లు పోసి, కార్డు పెట్టి, కరెంటు ఇవ్వు.

చేశాం. అదే పాత డిస్కు, రెండక్షరాల దగ్గర ఆగిపోయినదే, కార్డు పెట్టగానే లేచింది. మారిన ఫైళ్ల నకలు తీశాం. పంతొమ్మిది నిమిషాలు పట్టింది. పంతొమ్మిదో నిమిషంలో నేను గెలిచినట్టు అనిపించాలి. బల్ల మీద తల పెట్టి పడుకున్నాను.

మాస్టారికి ఒక్కటే అభ్యంతరం. "చిన్న వస్తువమ్మా. పోతుంది. పోకపోతే ఎవరో జేబులో వేసుకుంటారు. అది ఎవరి జేబులో ఉంటే తెప్ప వాళ్లది."

ఈ అభ్యంతరానికి నా దగ్గర ఉన్న జవాబు ఒక్కటే. ఒకటి చేయకూడదు, చాలా చేయాలి, చాలామంది దగ్గర ఉంచాలి. కార్డులోని ప్రోగ్రాం అతి చిన్నది, ఏళ్ల తరబడి మారదు. ఎన్ని చేసినా నష్టం లేదు. అయితే పనికొచ్చే కార్డులు తెప్ప మొత్తం మీద రెండే దొరికాయి. మిగతావి ఒడ్డు నుంచి పడవలో రావాలి.

చుట్టు 212, రోజు 14.

అధ్యక్షులు గొర్లె సింహాద్రి గారిని కలిశాను. ఎండు చేపల బుట్టలు తూకం వేయిస్తున్నారు. నా కాగితం నిలబడే చదివారు.

"సూడమ్మా శార్వరీ, నీ తెలివి నాను కాదన్ను. కానీ నకలు రోజంటే యంత్రం కోసమొక్కటే అనుకుంటన్నావేటి? ఈ తెప్ప మీద పద్నాలుగు ఊళ్ల జనం ఉన్నాం. మిగతా ఇరవై రోజులు ఒకడి మొకం ఒకడు సూడడు. ఆ ఒక్క రోజే అందరి సేతులూ ఒక్క పని మీద ఉంటాయి. అది తీసేస్తే మనల్ని కట్టి ఉంచేదేటి?"

వాదనలో బలముంది.

"అయితే పైడమ్మ అత్త సంగతి ఏమిటండీ? రాబోయే నకలు రోజుకు ఆమె మూడో వంతు తప్పుతుంది."

"నాకేటి సరదానా? ఒకళ్లకి సడలిస్తే రేపు నలభైమంది భుజాలు పట్టుకుని వస్తారు. పంపు ఎవడు కొడతాడు?"

కాగితం వచ్చే చుట్టు సభకు పెడతామన్నారు. వచ్చే చుట్టుకు ఆమె ఒడ్డున ఉంటుంది.

చుట్టు 212, రోజు 18.

తాళ్ల షెడ్డుకు వెళ్లాను. అత్త ఎడమచేత్తో పేనుతోంది. కుడిచేయి ఒళ్లో ఉంది, తనది కానట్టు.

"ఒక్క ఓటు అత్తా. ఒక్క ఓటుతో పోయింది. నేను ఇంకాస్త బాగా మాట్లాడి ఉంటే..."

"నీ మాటకేటి లోటొచ్చింది గానీ, ఒక్క మాట సెప్తాను, ఏడవకు."

"ఏమిటి?"

"ఆ రోజు నానూ సెయ్యి ఎత్తినాను గదే."

నాకు అర్థం కాలేదు.

"ఇదుగో, ఇంతదాకా." కుడిచేయి నడుము దాకా లేచి ఆగింది. "ఇంతే నెగుస్తాది. లెక్కెట్టీవోడు తలకాయల పైన సూసుకుంటా ఎలిపోయాడు. ఆడి తప్పు కాదులే. తలపైకి లేసిందే ఓటంటారు గదా."

"ఎడమచెయ్యి ఎత్తలేకపోయావా?"

"ఎడంసేత్తో తాడు ఒగ్గేస్తే పడిపోనేటి? కుడిసెయ్యి తాడు పట్టదు."

సభలో ముందు వరుసలో, ఆమెకు వీపు పెట్టి, ఆమె గురించి పదిహేడు నిమిషాలు మాట్లాడాను. ఒక్కసారి వెనక్కి తిరిగి చూడలేదు.

అధ్యక్షా, ఈ పుటలో ఇంకా రాసి ఉంది. అది చదవను. అందులో తిట్లున్నాయి. సగం నాకే.

చుట్టు 212, రోజు 20.

ఇరవయ్యో రోజు మధ్యాహ్నం నీటి కొలత గొట్టాలు కడగడానికి యంత్రాన్ని ఐదు నిమిషాలు ఆపడం ఆనవాయితీ. ఆ ఐదు నిమిషాల్లో కార్డు పెట్టాను. యంత్రం కార్డుతోనే లేచింది. తర్వాత అది నడుస్తుండగానే చెల్లాచెదురుగా ఉన్న ఫైళ్లను ఒకచోటికి సర్ది, నకలు తీశాను. ఇరవై రెండు నిమిషాలు. తెప్ప ఒరగలేదు. బయట ఎవరికీ ఏమీ తెలియలేదు.

కృపాసింధు మాస్టారు ఆ పూట గది తాళంచెవి బల్ల మీద మరచిపోయారు. మరచిపోవడం ఆయన అలవాటు కాదు. (ఈ రెండు వాక్యాలూ సభలో చదవమని ఆయనే పట్టుబట్టారు.)

రెండో కార్డును మైనం గుడ్డలో చుట్టి పైడమ్మ అత్తకు ఇచ్చాను. రెండూ ఒకే గదిలో ఉంటే రెండున్నా ఒకటేనని మాస్టారు చెప్పారు. అత్త దాన్ని దబ్బనాలు పెట్టుకునే రేకు డబ్బాలో వేసి మూత నొక్కింది.

"ఇదేటే, తెప్పంతా ఇందులో ఉందా?"

"లేపేది మాత్రమే ఇందులో ఉంది అత్తా."

"పోనీ నన్నూ లేపుతాదేటి పొద్దున్నే? నడుం పట్టీసింది."

తర్వాత ప్రకటన రాసి సభ గోడకు అంటించాను. ఐదు పేరాలు. రేపు యంత్రాన్ని ఆపనక్కర్లేదని, నకలు ఇప్పటికే తీశామని, పాత నకళ్లు పనిచేయవని.

చుట్టు 212, రోజు 21. నకలు రోజు.

ఆపారు.

ఇక్కడి నుంచి మీరంతా చూసినదే. అయినా వరుసగా చెబుతాను. ఇందులో నా తప్పు ఒకటుంది, దాన్ని నేనే చెప్పాలి.

ప్రకటన చూసి సింహాద్రి గారు తెల్లవారకముందే యంత్రం గదికి వచ్చారు. తాళంచెవి బల్ల మీద వదిలినందుకు మాస్టారిని తొమ్మిదో పంపుకు పంపేశారు. ఎప్పటిలాగే ఐదింటికి యంత్రాన్ని ఆపించారు. కార్డును సాక్ష్యంగా తీసి చొక్కా జేబులో వేసుకున్నారు. పన్నెండేళ్లుగా కార్డు లేకుండానే లేచిన యంత్రం ఈ రోజూ లేస్తుందని అనుకున్నారు. ఆయన స్థానంలో ఎవరున్నా అలాగే అనుకునేవారు.

లేవదు. నేను ఫైళ్లను సర్దినప్పుడే పాత మేలుకొలుపు గుర్తుపెట్టుకున్న గదులు మారిపోయాయి. ఆ సంగతి నాకు తెలుసు. ప్రకటనలో రాశాను కూడా. నాలుగో పేరాలో, ఒక పొడవాటి వాక్యం చివర రాశాను. దానికి ముందు మూడు పేరాలు శ్రమదోపిడీ గురించి, అంధవిశ్వాసం గురించి రాశాను. "కార్డు తీస్తే యంత్రం లేవదు" అన్న నాలుగు మాటలు పెద్ద అక్షరాలతో మొదటి వరుసలో ఉండాలి. వాదన గెలవాలన్న ఆత్రంలో హెచ్చరికను అలంకారాల కింద పాతిపెట్టాను. ఇది నా నేరం. అభియోగపత్రంలో ఇది లేదు. చేర్చుకోండి.

సాయంత్రం నాలుగింటికి నకలు పూర్తయింది. కరెంటు ఇచ్చారు. రెండక్షరాలు.

మాస్టారిని పిలిపించారు. ఆయన కార్డు అడిగారు. సింహాద్రి గారు జేబులోంచి తీశారు. పొద్దుటి నుంచి ఆయనా అందరిలాగే రెండో పంపు దగ్గర వంతు కొట్టారు. చొక్కా ఉప్పునీటిలో నాని ఉంది. కార్డు అంచున ఉండే లోహపు పళ్ల మీద తెల్లగా ఉప్పు పేరుకుంది. పెడితే యంత్రం దాన్ని గుర్తించనే లేదు. అప్పుడు మాస్టారు మూడు నకళ్ల ముద్రలూ అందరి ముందూ పగలగొట్టి ఒక్కొక్కటే పెట్టారు. అరగంట కిందట ముగిసిన నకలుతో సహా. ఒక్కో డిస్కుకూ రెండక్షరాలు. పదకొండు గంటల పని గుమ్మంలో నిలబడ్డవాళ్ల కళ్ల ముందే అక్కడ ఆగింది.

దక్షిణం వైపు అరల్లో నీరు గీత దాటుతోందని అరుపులు. వంతులు రద్దు, అందరూ పంపుల మీదకు రమ్మని గంట కొట్టారు. కార్డు పాడైందన్న కబురు అప్పుడే నాకు తెలిసింది. నేను ఆరో పంపు వదిలితే కొయ్యకు అటు ఒక్క చేయే మిగులుతుంది. వదలలేను. పైడమ్మ అత్త నా మొహం చూసింది.

"దబ్బనాల డబ్బాలోది గదా కావాలి?"

"అత్తా, పంపు వదిలితే గుమాస్తా..."

"ఆడి గీత ఆడు ఎట్టుకుంటాడు. నువ్వు కొట్టు, ఆపకు."

వెళ్లింది. తాళ్ల షెడ్డు తెప్పకు ఆ చివర. వాలిన తెప్ప మీద, ఎడమచేత్తో తాడు పట్టుకుంటూ, డబ్బాను పళ్లతో పట్టుకుని నడిచిందని చూసినవాళ్లు చెప్పారు. నేను చూడలేదు. నేను ఒక్కదాన్నే ఇద్దరి కొయ్య లాగుతున్నాను, అరుస్తున్నాను, ఏమని అరిచానో గుర్తులేదు.

ఆరు దాటి పది నిమిషాలకు అరల కింద మోటార్ల మోత వినిపించింది. చేతులు కొయ్య మీద అలాగే ఉండిపోయాయి. ఎవరో వచ్చి ఒక్కో వేలూ విడదీశారు.

హాజరు పట్టీలో పైడమ్మ పేరుకు ఎదురుగా గుమాస్తా రాసినది ఇది: "సాయంత్రం 4.50. ఆరో పంపు వదిలి వెళ్లినది. తప్పిన మూడో వంతు."

పుస్తకం మూసేస్తున్నాను.

ఇక అభియోగానికి జవాబు. అవును, మేలుకొలుపును వేరుచేశాను. మీ ప్రాణాలను గోరంత కార్డుకు కట్టాను. అంతకుముందు అవి దేనికి కట్టి ఉన్నాయో మొన్న గుమ్మంలో నిలబడి మీరే చూశారు. ఒకే ఒక్క డిస్కుకు. ఆ సంగతి మనలో ఎవరికీ తెలియదు. ఇప్పుడు తెలిసిన దారానికి కట్టి ఉన్నాయి. పడవ వస్తే ఇంకో పది దారాలు వేసుకోవచ్చు, చీట్లు తీసి పదిమందికి పంచుకోవచ్చు. అత్త తెచ్చిన కార్డు ఇదుగో, యంత్రం లేచాక దానితో పని లేదు గనక తీసి బల్ల మీద పెడుతున్నాను. నా దగ్గర ఇంకేమీ లేదు.

అనుమతి లేకుండా చేసినందుకు, హెచ్చరికను దాచినట్టు రాసినందుకు, నన్ను విద్యాలయంలోంచి తీసేయండి. వాదించను. మనల్ని కట్టి ఉంచేది ఏమిటని అధ్యక్షులు ఆ రోజు అడిగిన ప్రశ్నకు ఈ రోజుకీ నా దగ్గర మంచి జవాబు లేదు. ఇరవయ్యొకటో రోజున అందరం కలిసి ఇంకేదైనా చేద్దాం. అత్త షెడ్డులో తాళ్లు పేనడమైనా సరే. కూర్చుని చేసే పని.

నాకు కావలసింది శిక్ష తగ్గింపు కాదు. రెండు సంగతులు అడుగుతున్నాను. మొదటిది, ఆ మూడో గీతను కొట్టేయండి. అది తప్పిన వంతు కాదు. ఆ పూట ఈ తెప్ప మీద పనికొచ్చిన వంతు అదొక్కటే.

రెండోది. ఇప్పుడు అధ్యక్షులు మిమ్మల్ని కుడిచేతులు ఎత్తమంటారు. లెక్కపెట్టే ఆయన ఎప్పటిలాగే తలల పైనుంచి చూసుకుంటూ వెళతారు. ఈసారి నేను మీ వైపే తిరిగి నిలబడ్డాను కాబట్టి నాకు కనిపిస్తోంది. నాలుగో వరుసలో, మూడో స్తంభం పక్కన ఎడమచేత్తో తాడు పట్టుకుని పైడమ్మ అత్త ఉంది. ఆమె వెనక వరుసలో భుజం వాలిపోయి నిలబడ్డవాళ్లు నాకు ఇంకో ఏడుగురు కనిపిస్తున్నారు. ఏడుగురేనా అన్నది మీకే తెలియాలి.

లెక్కపెట్టే అన్నగారూ, వేదిక దిగండి. వరుసల మధ్యకు రండి. నడుము దాకా లేచిన చేతిని కూడా లెక్కించండి.